శుక్లం ఆపరేషన్: బెజవాడ, గుంటూరు పేషెంట్లు, వాళ్ల ఇంట్లోవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడలో ఒక కంటి ఆసుపత్రిలో కౌన్సెలింగ్ గదిలో కూర్చుని, ఆపరేషన్ రాసిన పేషెంట్లతో, వాళ్లని తీసుకొచ్చినవాళ్లతో మాట్లాడటం నా ఉద్యోగం. నేను డాక్టర్ని కాను. డాక్టరుగారి ముందు అడగడానికి మొహమాటపడి, బయటికొచ్చాక నన్ను అడిగే ప్రశ్నలే ఇవన్నీ. మీ కంటికి ప్రత్యేకంగా ఏం చెయ్యాలో మీ డాక్టరు చెప్పిందే చివరిమాట. కానీ ఏం అడగాలో తెలిసి వెళితే ఆ పది నిమిషాలూ మీకు బాగా పనికొస్తాయి.

శుక్లం అంటే కంటి మీద పొరే కదా, పైనుంచి తీసేస్తే సరిపోదా?

పొర కంటి పైన ఉండదు. నల్లగుడ్డు వెనక, కంటిపాప వెనక మనందరికీ పుట్టుకతోనే ఒక లెన్స్ ఉంటుంది. వయసులో ఉన్నప్పుడు అది అద్దమంత తేటగా ఉంటుంది. యాభై, అరవై దాటేసరికి మెల్లగా మసకబారి, బాత్రూమ్ కిటికీకి పెట్టే పాలగాజులా తయారవుతుంది. వెలుతురు లోపలికి పోతుంది గానీ బొమ్మ సరిగ్గా పడదు. అదే శుక్లం. ఆపరేషన్లో చేసేది, ఆ మసకబారిన లెన్స్‌ని తీసి అక్కడే కొత్త లెన్స్ పెట్టడం.

వయసు ఒక్కటే కారణం కాదు. షుగరు ఉన్నవాళ్లకి తొందరగా వస్తుంది. ఆయాసానికో, కీళ్లనొప్పులకో ఏళ్ల తరబడి స్టెరాయిడ్ మాత్రలు వాడినవాళ్లకి వస్తుంది. కంటికి దెబ్బ తగిలినవాళ్లకి చిన్న వయసులోనే రావచ్చు. ఏళ్ల తరబడి ఎండలో పని చేసినవాళ్లలోనూ ఎక్కువే.

మా నాన్నగారు ఈమధ్య కళ్లద్దాలు లేకుండానే పేపరు చదువుతున్నారు. చూపు మెరుగైనట్టేగా?

కాకపోవచ్చు. శుక్లం మొదలైనప్పుడు లెన్స్ గట్టిపడి కొందరికి దగ్గరి చూపు కొన్నాళ్లు బాగుపడుతుంది, దూరం చూపు తగ్గుతుంది. వచ్చే బస్సు మీద బోర్డు చదవమని అడిగి చూడండి, తెలిసిపోతుంది.

చుక్కల మందుతో కరగదా? నందివర్ధనం పూలరసం, తేనె, ఆముదం వేస్తే తగ్గుతుందంటారు.

శుక్లాన్ని కరిగించే మందు ఇంతవరకూ లేదు. చుక్కలకీ, మాత్రలకీ, కంటి వ్యాయామానికీ అది లొంగదు. నందివర్ధనం పువ్వు మూసిన కళ్ల మీద పెట్టుకుంటే చల్లగా ఉంటుంది, అంతవరకే. రసం పిండి కంట్లో పోస్తే మాత్రం నల్లగుడ్డు మీద పుండు పడే ప్రమాదం ఉంది. అప్పుడు ఆపరేషన్‌తో పోయే సమస్యకి ఆపరేషన్‌తో పోని సమస్య తోడవుతుంది. తేనె, ఆముదం, చంటిబిడ్డ తల్లి పాలు, ఏవీ కంట్లో వెయ్యొద్దు. ఇది మాత్రం గట్టిగానే చెబుతాను.

పొర బాగా ముదిరాక చేయించుకుంటే మంచిదంటారు. ఇంకో ఏడాది ఆగమంటారా?

మాకు రోజూ ఎదురయ్యే మాట ఇది. ఎక్కువ నష్టం చేసేదీ ఇదే.

ఈ మాట ఒకప్పుడు నిజం. పాతరోజుల్లో లెన్స్ మొత్తాన్ని పెద్ద కోతతో బయటికి తీసి, కుట్లు వేసి, పేషెంటుని రోజుల తరబడి కదలకుండా పడుకోబెట్టేవారు. లోపల కొత్త లెన్స్ పెట్టేవారు కాదు, బయట సోడాబుడ్డి కళ్లద్దాలు ఇచ్చేవారు. ఆ అద్దాలతో చూస్తే మనిషి దగ్గరగా, పెద్దగా, వంకరగా కనిపించేవాడు. అంత కష్టం ఉన్నప్పుడు చూపు పూర్తిగా పోయేదాకా ఆగమనడంలో అర్థం ఉంది. మన తాతమ్మలు చూసింది ఆ ఆపరేషనే, వాళ్లు చెప్పిన జాగ్రత్తే ఇంకా మన ఇళ్లలో ఉండిపోయింది.

కంటి లోపల కృత్రిమ లెన్స్ పెట్టడం 1949లో లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ అనే డాక్టరు మొదలుపెట్టారు. శుక్లాన్ని లోపలే పొడి చేసి పీల్చేసే ఫేకో పద్ధతిని 1967లో అమెరికాలో చార్లెస్ కెల్మన్ తెచ్చారు. ఇప్పుడు ఫేకోలో కోత మూడు మిల్లీమీటర్ల లోపే. ఈ పద్ధతికి మెత్తగా ఉన్న పొరే సులువు. ముదిరి రాయైపోతే పగలగొట్టడానికి ఎక్కువ శక్తి పెట్టాలి, నల్లగుడ్డు వాచే అవకాశం పెరుగుతుంది, కోలుకోవడం ఆలస్యమవుతుంది. మరీ ముదిరితే లెన్స్ ఉబ్బిపోయో, లోపలి పదార్థం కారిపోయో కంట్లో ప్రెషర్ ఒక్కసారిగా పెరిగి, భరించలేని నొప్పితో, ఎర్రటి కన్నుతో అర్ధరాత్రి ఆసుపత్రికి రావాల్సి వస్తుంది. అప్పటికి కంటి నరం దెబ్బతింటే ఆపరేషన్ ఎంత బాగా చేసినా పోయిన చూపు తిరిగి రాదు.

అలాగని డాక్టరు శుక్లం ఉందనగానే పరుగెత్తక్కర్లేదు. అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఈ చూపుతో నీ పనులు నువ్వు చేసుకోగలుగుతున్నావా? ఎదురొచ్చే బండి లైటుకి కళ్లు చెదిరి సాయంత్రం పూట వారధి మీద బండి నడపలేకపోతే, మెట్లు దిగేటప్పుడు ఆఖరి మెట్టు తెలియకపోతే, అప్పుడు సమయం వచ్చినట్టే.

ఇంట్లో పెద్దవాళ్లు చూపు తగ్గిందని నోరు తెరిచి చెప్పరు. పిల్లలకి ఖర్చు, సెలవు పెట్టాలి, ఎందుకులే అనుకుంటారు. కాబట్టి మీరే గమనించండి. బియ్యం చాటలో పోసుకుని రాళ్లు ఏరే అమ్మ కళ్లతో కాకుండా వేళ్లతో తడిమి ఏరుతోందా? గుమ్మంలోకి వచ్చిన చుట్టాన్ని ఆయన మాట్లాడేదాకా గుర్తుపట్టట్లేదా? కూరలో ఉప్పు రెండుసార్లు పడుతోందా? సూదిలో దారం ఎక్కించమని మనవరాలిని పిలుస్తోందా? మతిమరుపు అనుకునేవి కొన్నిసార్లు చూపు సమస్యలే అయ్యుండొచ్చు.

మా మామ్మకి 84 ఏళ్లు. ఈ వయసులో ఇంకా ఎందుకు అంటోంది.

ఎందుకంటే చూపు లేనివాళ్లు పడిపోతారు, ఆ వయసులో తుంటి ఎముక విరిగితే మంచం దిగడం కష్టం. కంటి ఆపరేషన్ కంటే ఆ పడిపోవడమే ఎన్నో రెట్లు ప్రమాదం. సాధారణంగా ఒళ్లంతా మత్తు ఇవ్వరు కాబట్టి వయసు అడ్డం కాదు, పావుగంట, ఇరవై నిమిషాలు వెల్లకిలా పడుకోగలిగితే చాలు. తొంభై దాటినవాళ్లకీ చేస్తారు. మామ్మగారు వద్దంటున్నది ఆపరేషన్‌నా, మీ మీద పడే భారాన్నా, పక్కన కూర్చుని నిదానంగా అడగండి.

ఎండాకాలంలో చేయించకూడదట, చీము పడుతుందట?

బెజవాడ ఎండల్లో ఈ భయం ఉండటం సహజమే. కానీ చీముకి కారణం ఎండ కాదు, సూక్ష్మజీవులు. ఆపరేషన్ థియేటర్ మే నెలలోనూ, డిసెంబరులోనూ ఒకే చల్లదనంతో, ఒకే శుభ్రతతో ఉంటుంది. కోతకి ముందు కన్నునీ, చుట్టూ చర్మాన్నీ బీటాడిన్ మందుతో శుభ్రం చేస్తారు, కంటి లోపల యాంటీబయాటిక్ పెట్టే అలవాటు మనదేశంలో చాలా ఆసుపత్రుల్లో ఉంది. సీజనుకీ ఫలితానికీ సంబంధం లేదు.

ఎండాకాలంలో చూసుకోవాల్సింది చెమట ఒక్కటే. నుదుటి మీద చెమట కంట్లోకి కారకుండా ఉతికిన మెత్తటి గుడ్డతో పైపైన అద్దుకోండి, కన్ను నలపొద్దు. కరెంటు పోతే తట్టుకోలేని ఇల్లైతే వారం పాటు చల్లగా ఉండే పిల్లల ఇంట్లో ఉంచండి. పంట పనులు లేక, మనవళ్లకి సెలవులై ఇంట్లో మనిషి తోడున్న మే నెలే చాలామందికి నిజానికి అనుకూలం.

ముందు ఏ పరీక్షలు చేస్తారు?

చూపు, కంటి ప్రెషర్, కంటిపాప పెద్దదయ్యేలా చుక్కలు వేసి వెనక రెటీనా (కంటి లోపల బొమ్మ పడే తెర), కన్నీటి నాళం సాఫీగా ఉందా లేదా చూస్తారు. ఆ నాళంలో చీము ఉంటే ముందు దాన్ని బాగుచేశాకే కంటి జోలికి వెళతారు. షుగరు, బీపీ, అవసరమైతే ఈసీజీ ఉంటాయి.

వీటన్నిటిలో ముఖ్యమైనది లెన్స్ పవర్ కొలిచే పరీక్ష. కంటి పొడవు, నల్లగుడ్డు వంపు కొలిచి, మీ కంట్లో ఏ నంబరు లెన్స్ పెట్టాలో లెక్కగడతారు. ఆ మెషిన్ ముందు గడ్డం ఆనించి కూర్చున్నప్పుడు ఎటూ చూడకుండా ఎదురుగా ఉన్న లైటునే చూడండి. కొలత చిన్నగా తప్పినా ఆపరేషన్ తర్వాత కళ్లద్దాల నంబరు మారిపోతుంది. కాంటాక్ట్ లెన్స్ వాడేవాళ్లూ, ఇదివరకు కళ్లద్దాలు పోవడానికి లేజర్ చేయించుకున్నవాళ్లూ ఆ సంగతి తప్పకుండా చెప్పాలి, లెక్క మారుతుంది. చుక్కలు వేశాక నాలుగైదు గంటలు మసకగా ఉంటుంది కాబట్టి ఆ రోజు బండి మీరు నడుపుకుంటూ రావొద్దు.

షుగరు ఉంది, గుండెకి స్టెంటు వేశారు. చేస్తారా?

చేస్తారు. షుగరు, బీపీ అదుపులో ఉండాలి. లేకపోతే డాక్టరు కొన్ని రోజులు వాయిదా వేస్తారు, అది మీ మంచికే. రక్తం పల్చబడే మాత్రల్ని మీ అంతట మీరు ఆపొద్దు. స్టెంటు ఉన్నవాళ్లు అలా ఆపితే కంటికంటే గుండెకి ప్రమాదం. ఇద్దరు డాక్టర్లనీ అడిగి చెయ్యాల్సిన పని అది.

చాలామంది మగవాళ్లు చెప్పకుండా వదిలేసేది ఇంకోటి ఉంది. మూత్రం సరిగ్గా రావడానికి ప్రోస్టేటు మాత్ర వాడుతుంటే, టామ్సులోసిన్ లాంటిది, ముందే చెప్పండి. ఎప్పుడో మానేసినా చెప్పండి. ఆ మందు వాడినవాళ్లలో ఆపరేషన్ మధ్యలో కంటిపాప వదులై ముడుచుకుపోవచ్చు. ముందే తెలిస్తే డాక్టరు దానికి తగ్గట్టు సిద్ధమవుతారు. కంటికీ మూత్రానికీ ఏం సంబంధమని అనుకోవద్దు, మాత్రల సంచీ మొత్తం తెచ్చి టేబుల్ మీద పెట్టండి.

లెన్సుల్లో ఇన్ని రకాలేంటి? ఖరీదైనదే మంచిదా?

ఒకే దూరానికి పనిచేసే లెన్స్‌ని మోనోఫోకల్ అంటారు. మామూలుగా దూరం చూపుకి పెడతారు. టీవీ, రోడ్డు, మనుషుల మొహాలు బాగా కనిపిస్తాయి, పేపరుకీ ఫోనుకీ దగ్గరి కళ్లద్దాలు కావాలి. ఎక్కువమందికి పెట్టేది ఇదే, ఎన్నో ఏళ్లుగా నమ్మకంగా పనిచేస్తున్నదీ ఇదే.

నల్లగుడ్డు వంపులో తేడా, అంటే సిలిండర్ నంబరు ఎక్కువగా ఉన్నవాళ్లకి టోరిక్ లెన్స్. వాళ్లకి అది నిజంగా తేడా చూపిస్తుంది. మల్టీఫోకల్, ట్రైఫోకల్ అనేవి దూరానికీ దగ్గరికీ పనిచేసి కళ్లద్దాల అవసరాన్ని బాగా తగ్గిస్తాయి. కానీ రాత్రిపూట లైట్ల చుట్టూ వలయాలు కనిపించవచ్చు, తక్కువ వెలుతురులో స్పష్టత కొంచెం తగ్గవచ్చు. రాత్రుళ్లు లారీ నడిపే డ్రైవరుకీ, షుగరుతో రెటీనా దెబ్బతిన్నవాళ్లకీ, నీటికాసులు (గ్లకోమా, కంటి నరాన్ని దెబ్బతీసే జబ్బు) ఉన్నవాళ్లకీ సాధారణంగా వాటిని సలహా ఇవ్వరు.

కాబట్టి ముందు మీ రోజు ఎలా గడుస్తుందో చెప్పండి, లెన్స్ తర్వాత. రోజంతా కంప్యూటర్ ముందు పద్దులు రాసే వన్‌టౌన్ షాపు గుమస్తాకీ, పొలం చూసుకునే తెనాలి రైతుకీ కావాల్సింది ఒకటి కాదు. ఖరీదైన లెన్స్ పెట్టించకపోతే అమ్మకి అన్యాయం చేసినట్టని కొడుకులు బాధపడుతుంటారు. అక్షరం చదవని, కుట్టుపని లేని అమ్మకి మామూలు మోనోఫోకల్‌తో లోటేమీ ఉండదు. మనదేశంలో తయారైన లెన్సులు కూడా నాణ్యమైనవే, మధురైలో 1992లో మొదలైన ఆరోల్యాబ్ తక్కువ ధరకి లెన్సులు చేసి ఎన్నో దేశాలకి పంపుతోంది.

ఒక జాగ్రత్త. లెన్స్ డబ్బాలో చిన్న స్టిక్కర్లు ఉంటాయి. కంపెనీ, మోడల్, పవర్, సీరియల్ నంబరు వాటి మీద రాసి ఉంటాయి. ఒకటి మీ డిశ్చార్జ్ కాగితం మీద అంటించారో లేదో చూసుకుని ఆ కాగితాన్ని జాగ్రత్త చేయండి. డబ్బు కట్టిన లెన్సే పెట్టారనడానికి అదే ఆధారం, రేపు ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా అదే అడుగుతారు.

లేజర్‌తో చేస్తారా, కోతతో చేస్తారా?

జనం లేజర్ అంటున్నది ఎక్కువసార్లు ఫేకోనే. అందులో లేజర్ ఉండదు, అల్ట్రాసౌండ్ తరంగాలతో శుక్లాన్ని పొడి చేసి పీల్చేస్తారు, మడత లెన్స్ లోపలికి పంపితే అది అక్కడ విచ్చుకుంటుంది. ఫెమ్టో అనేది నిజమైన లేజర్, కొన్ని దశల్ని అది చేస్తుంది, మిగతాది ఫేకోనే. ఖర్చు ఎక్కువ, మామూలు కంటికి ఫలితంలో పెద్ద తేడా ఉండదు. ఎస్ఐసీఎస్ అనే మూడో పద్ధతిలో కోత ఆరేడు మిల్లీమీటర్లు ఉంటుంది, అయినా కుట్లు అక్కర్లేకుండా అదే మూసుకుంటుంది. బాగా ముదిరిన పొరకి అనుభవం ఉన్న చేతిలో అది చాలా మంచి పద్ధతి. ఉచిత ఆసుపత్రుల్లో ఎక్కువగా చేసేదీ అదే, దాన్ని తక్కువరకం అనుకోవద్దు.

ఎంత ఖర్చవుతుంది? ఉచితంగా ఎక్కడ చేస్తారు?

ప్రైవేటులో పద్ధతినీ లెన్స్‌నీ బట్టి కొన్ని వేల నుంచి లక్ష దాటేదాకా ఉంటుంది. ఏ రేటు చెప్పినా అందులో పరీక్షలు, లెన్స్, మందులు, తర్వాతి చెకప్‌లు కలిసి ఉన్నాయా లేదా రాయించుకోండి.

డబ్బు లేక చూపు పోగొట్టుకోవాల్సిన అవసరం మన రెండు ఊళ్లలో ఎవరికీ లేదు. గుంటూరు ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి (జీజీహెచ్)లోనూ, విజయవాడ ప్రభుత్వాసుపత్రిలోనూ కంటి విభాగాలున్నాయి. తాడిగడపలో ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి, పెదకాకానిలో శంకర కంటి ఆసుపత్రి ఉన్నాయి. స్తోమత లేనివాళ్లకి ఈ రెండూ ఉచితంగా చేస్తాయి. ఎల్‌వీ ప్రసాద్ సంస్థని స్థాపించిన డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు గారు గుంటూరు మెడికల్ కాలేజీలో చదువుకున్నవారే. అంధత్వ నివారణకి కేంద్రప్రభుత్వ కార్యక్రమం 1976 నుంచీ నడుస్తోంది, ఊళ్లలో పెట్టే క్యాంపులు చాలావరకు దాని కిందే వస్తాయి. ఆధార్ కార్డు, ఉంటే పాత చీటీలు తీసుకెళ్లండి.

ఇన్సూరెన్స్ ఉంటే రెండు విషయాలు చూడండి. శుక్లం ఆపరేషన్‌కి చాలా పాలసీల్లో మొదటి 24 నెలలు వర్తించదు. రెండోది, కంటికి ఇంత అని పరిమితి ఉంటుంది. ఆరోగ్య సంజీవని పాలసీలో అయితే బీమా మొత్తంలో 25 శాతం లేదా 40,000 రూపాయలు, ఏది తక్కువైతే అది. రాత్రి ఆసుపత్రిలో ఉండనంత మాత్రాన క్లెయిమ్ పోదు, ఇది డేకేర్ కింద వస్తుంది.

ఆపరేషన్ రోజు ఏం జరుగుతుంది? నొప్పి ఉంటుందా?

ఇంట్లో తలస్నానం చేసి, ఉతికిన బట్టలు కట్టుకుని రండి, మళ్లీ కొన్నాళ్లదాకా తల మీద నీళ్లు పడవు. కాటుక, ముఖానికి పౌడరు, తలకి నూనె వద్దు. టిఫిన్, షుగరు మాత్ర ఎప్పుడు వేసుకోవాలో ముందురోజే అడిగి రాసుకోండి, ఒక్కో ఆసుపత్రికి ఒక్కో పద్ధతి ఉంటుంది. తోడుగా ఒక మనిషి ఉండాలి.

రాగానే ఏ కంటికి చెయ్యాలో దాని పైన నుదుటి మీద గుర్తు పెడతారు. ప్రతి మెట్టులోనూ మీ పేరు, ఏ కన్ను అని మళ్లీ మళ్లీ అడుగుతారు. విసుక్కోకుండా ప్రతిసారీ చెప్పండి. తర్వాత కంటిపాప పెద్దదవడానికి అరగంట, గంట పాటు చుక్కలు వేస్తూనే ఉంటారు. ఎక్కువసేపు పట్టేది ఇదే. ఆపరేషన్ మాత్రం పావుగంట, ఇరవై నిమిషాలు.

మత్తు రెండు రకాలు. చుక్కలతోనే కన్ను మొద్దుబారేలా చెయ్యడం ఒకటి, కంటి పక్కన సూది వెయ్యడం ఇంకోటి. సూది వేసినప్పుడు ఒక నిమిషం నొక్కినట్టు, బరువుగా ఉంటుంది, తర్వాత ఏమీ తెలియదు. లోపల ముఖమంతా గుడ్డ కప్పి కన్ను మాత్రం తెరిచి ఉంచుతారు. గాలి ఆడదేమోనని భయపడొద్దు, గుడ్డ కింద గాలి గొట్టం పెడతారు. రెప్పలు మూసుకోకుండా చిన్న క్లిప్ పెడతారు కాబట్టి రెప్ప కొట్టేస్తానేమో అన్న భయం అక్కర్లేదు. కత్తి కనిపించదు. కనిపించేది ప్రకాశవంతమైన వెలుతురు, అందులో కదిలే రంగులు. చెంప మీదుగా చల్లటి నీళ్లు కారినట్టుంటుంది, మెషిన్ శబ్దం వినిపిస్తుంది. నొప్పి అనిపిస్తే నోటితో చెప్పండి, చెయ్యి మాత్రం ఎత్తొద్దు. ఇంకా మత్తు ఇస్తారు.

మధ్యలో దగ్గు వస్తే?

"డాక్టరుగారూ, దగ్గొస్తోంది" అని ముందే చెప్పండి, ఆయన చెయ్యి ఆపుతారు. విడవని దగ్గు, జలుబు ఉంటే ఆ సంగతి ఆపరేషన్‌కి ముందే చెప్పాలి.

కట్టు విప్పగానే చూపు వచ్చేస్తుందా?

కొందరికి మర్నాడే గోడ మీద క్యాలెండర్ అంకెలు కనిపిస్తాయి. కొందరికి నాలుగైదు రోజులు మసకే ఉంటుంది, ముదిరిన పొర తీసినవాళ్లకి ఇంకా ఎక్కువ. పక్క మంచం ఆయనతో పోల్చుకుని బెంగపడొద్దు. మొదటి రోజుల్లో గరగరలాడటం, నీరు కారడం, వెలుతురు చూడలేకపోవడం మామూలే.

రంగులు కొత్తగా కనిపిస్తాయి. పాత లెన్స్ పసుపుబారి ఉంటుంది కాబట్టి ఇన్నేళ్లూ లోకాన్ని ఆ పసుపులోంచే చూశారు. అది పోయాక కొన్నాళ్లు అంతా కాస్త నీలంగా ఉంటుంది. మంగళగిరి పంచె ఇంత తెల్లగా ఉంటుందా అని పెద్దాయన ఒకరు చేత్తో పట్టుకుని తిప్పి తిప్పి చూసుకోవడం నా కళ్లారా చూశాను.

చుక్కల మందు ఎన్నాళ్లు? ఒక పూట మర్చిపోతే ఏమవుతుంది?

యాంటీబయాటిక్ వారం, రెండు వారాలు. స్టెరాయిడ్ చుక్కలు ఎక్కువసార్లతో మొదలుపెట్టి, వారం వారం తగ్గిస్తూ నాలుగు నుంచి ఆరు వారాలు. ఒక పూట మరిచిపోతే గుర్తొచ్చినప్పుడు వెయ్యండి, రెండు పూటల మందు ఒకేసారి వెయ్యొద్దు. ఎరుపు పోయింది కదా అని మధ్యలో మానెయ్యొద్దు, లోపలి వాపు అలా తిరగబెడుతుంది.

వేసే పద్ధతిని ఇంట్లో ఒక మనిషి నేర్చుకోవాలి. సబ్బుతో చేతులు కడుక్కోండి. పేషెంటుని పడుకోబెట్టి, పైకి చూడమని, కింది రెప్పని మెల్లగా లాగి, ఏర్పడ్డ ఆ చిన్న సంచిలో ఒక్క చుక్క వెయ్యండి. రెండు చుక్కలు వేస్తే రెండోది చెంప మీదే. సీసా మొన రెప్పకి గానీ వెంట్రుకలకి గానీ తగలకూడదు. కన్ను మూసి, ముక్కు పక్క మూలని వేలితో నిమిషం నొక్కి ఉంచితే మందు గొంతులోకి జారదు. రెండో మందుకి ఐదు నిమిషాలు ఆగండి, లేకపోతే అది మొదటిదాన్ని కడిగేస్తుంది. తెరిచిన సీసా నెల దాటితే పారెయ్యండి.

ఒక విన్నపం. రాసినన్నాళ్లు అయిపోయాక మందుల షాపుకి వెళ్లి అదే స్టెరాయిడ్ సీసా మళ్లీ కొనుక్కోవద్దు. హాయిగా ఉందని నెలల తరబడి వాడితే కంటి ప్రెషర్ పెరిగి నీటికాసులు వస్తాయి. శుక్లం నుంచి బయటపడిన కన్ను ఆ చిన్న సీసా వల్ల పోవడం చాలా బాధాకరం.

తలస్నానం, వంట, గుడి, పని ఎప్పటి నుంచి?

మర్నాటి నుంచే మెడ కిందకి స్నానం చెయ్యొచ్చు. తలస్నానం మామూలుగా పది రోజులు, రెండు వారాల తర్వాత, డాక్టరు సరేనన్నాక. ముఖాన్ని తడిగుడ్డతో తుడుచుకోండి. రాత్రుళ్లు నిద్రలో నలపకుండా ప్లాస్టిక్ షీల్డ్ కట్టుకోండి, ఆపరేషన్ అయిన వైపు ఒత్తిగిలి పడుకోవద్దు. కాటుక, తలకి రంగు నెల దాటాకే. కృష్ణలో మునకలు, ఈతకొలను కూడా అంతే.

వంటలో భయపడాల్సింది పొయ్యి వేడికి కాదు, తాలింపులో ఎండుమిర్చి ఘాటుకి, కారం దంచే రోలుకి. మొదటి వారం ఆ పని ఇంకొకరు చేస్తే బాగుంటుంది. గుంటూరు మిర్చి యార్డులో పని చేసేవాళ్లకి ఇది ఇంకా ముఖ్యం. టిక్కీలు (మిర్చి బస్తాలు) మొయ్యడం, కాయ తిరగెయ్యడం, ఆ దుమ్ములో నిలబడటం, ఏదీ డాక్టరు చెప్పేదాకా వద్దు. సాధారణంగా నెల. సీజన్‌లో కూలి పోతుందని వారానికే వెళ్లిపోయే హమాలీలు ఉంటారు. వాళ్లకి నేను చెప్పేది, సీజన్ తగ్గాక ఆపరేషన్ పెట్టుకోమనే. యార్డుకి వేసవి సెలవులు ఇచ్చే రోజులు చూసుకుంటే ఇంకా నయం.

దుర్గమ్మ దర్శనానికి వెళ్లొచ్చు, రద్దీ లేని రోజు. కుంకుమ, విభూతి మాత్రం ఎవర్నీ పెట్టనివ్వకుండా చేతిలోకి తీసుకోండి. నుదుటి మీద నుంచి రాలే కుంకుమ నేరుగా కంట్లోనే పడుతుంది. హారతిని కళ్లకి అద్దుకోకుండా దూరం నుంచే దండం పెట్టుకోండి.

పథ్యం ఏం చెయ్యాలి? వంకాయ, గోంగూర, పప్పు మానాలా?

ఏమీ మానక్కర్లేదు. చీముకీ పప్పుకీ సంబంధం లేదు. పథ్యం పేరుతో పెద్దవాళ్లకి నెలరోజులు చారన్నమే పెడితే నీరసపడిపోతారు. షుగరువాళ్లు షుగరు పథ్యం చెయ్యండి. మలబద్ధకం లేకుండా ఆకుకూరలు, పళ్లు తినండి, ముక్కితే కంటి మీద ఒత్తిడి పడుతుంది.

టీవీ, ఫోను?

చూడొచ్చు, చూపు పాడవదు. కళ్లు అలిసిపోతే ఆపండి.

ఎప్పుడు వెంటనే ఆసుపత్రికి రావాలి?

రోజురోజుకీ తగ్గాల్సిన ఎరుపు పెరుగుతున్నా, నొప్పి ఎక్కువవుతున్నా, వచ్చిన చూపు మళ్లీ తగ్గుతున్నా, పుసి కారుతున్నా ఆ పూటే రండి. ఆదివారమైనా, పండగైనా, రాత్రైనా. కంటి లోపల ఇన్ఫెక్షన్ చాలా అరుదు, మంచి ఆసుపత్రుల్లో వెయ్యి ఆపరేషన్లకి ఒకటి కూడా ఉండదు, కానీ వస్తే గంటలతో పందెం. మెరుపులు కనిపించినా, నల్లటి చుక్కలు ఒక్కసారిగా పెరిగినా, ఒక పక్క నుంచి తెర దిగినట్టున్నా రెటీనా చూపించుకోవాలి, అది నెలల తర్వాత వచ్చినా సరే. ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర చుక్కలు వేయించుకుని రేపు చూద్దాంలే అనుకోవద్దు. డిశ్చార్జ్ కాగితం మీద ఉన్న ఫోన్ నంబరుని ఇంట్లో అందరి ఫోన్లలో ఎక్కించుకోండి.

ఆపరేషన్ బాగా జరిగిందన్నారు, అయినా చూపు పూర్తిగా రాలేదు. ఎందుకు?

శుక్లం తీస్తే ఆ మసక పోతుంది. వెనక రెటీనా షుగరుతో దెబ్బతిని ఉన్నా, నీటికాసులతో నరం ఎండిపోయి ఉన్నా చూపు అంతవరకే వస్తుంది. పొర మరీ దట్టంగా ఉంటే ముందు రెటీనా కనిపించదు, అప్పుడు స్కాన్ చేసి అంచనా చెబుతారు. అందుకే ఆపరేషన్‌కి ముందే ఈ ప్రశ్న అడగండి: "మా అమ్మకి ఎంతవరకూ చూపు రావచ్చు?" కొన్నిసార్లు లెన్స్‌ని పట్టి ఉంచే సున్నితమైన సంచి మధ్యలో చిరుగుతుంది. అప్పుడు లెన్స్‌ని వేరే చోట అమర్చడమో, రెండోసారి ఆపరేషన్ చెయ్యడమో అవసరం పడవచ్చు. ఆ జరిగిందేమిటో వివరంగా తెలుసుకునే హక్కు మీకుంది.

రెండేళ్ల తర్వాత మళ్లీ పొర వచ్చిందంటున్నారు?

శుక్లం తిరిగి రాదు. కొత్త లెన్స్‌ని పెట్టిన పాత సంచి కొందరిలో నెలలకో ఏళ్లకో మసకబారుతుంది. దానికి యాగ్ లేజర్ చేస్తారు. కోత లేదు, సూది లేదు, కుర్చీలో కూర్చోబెట్టి ఐదు నిమిషాల్లో ముగిస్తారు. సాధారణంగా ఒక్కసారే.

రెండు కళ్లకీ ఒకేసారి చేస్తే ఒకే సెలవుతో పోతుంది కదా?

మనదగ్గర మామూలుగా ఒక కన్ను కుదుటపడ్డాక, కొన్ని వారాల ఎడంతో రెండోది చేస్తారు. ఇన్ఫెక్షన్ లాంటిది వస్తే రెండు కళ్లకీ రాకూడదని జాగ్రత్త. మొదటి కంటి ఫలితం చూసి రెండోదానికి లెన్స్ లెక్క సరిచేసుకోవచ్చు కూడా. ఒక కన్ను బాగుంది కదా చాలని రెండోదాన్ని ఏళ్ల తరబడి వదిలెయ్యొద్దు. మెట్ల లోతు, దూరం అంచనా రెండు కళ్లతోనే సరిగ్గా తెలుస్తాయి.

కళ్లద్దాలు ఎప్పుడు ఇస్తారు?

నెల, నెలన్నర తర్వాత, నంబరు స్థిరపడ్డాక. వారానికే షాపులో చేయించుకుంటే డబ్బు దండగ. అప్పటిదాకా పాత అద్దాలు ఆ కంటికి సరిపోవు, బయటికి వెళ్లేటప్పుడు ఆసుపత్రిలో ఇచ్చిన నల్ల కళ్లద్దాలు పెట్టుకోండి. చివరి చెకప్‌కి వచ్చేటప్పుడు మీరు రోజూ చదివే పేపరో, పూజ పుస్తకమో, కుట్టే గుడ్డో వెంట తెచ్చుకుని, ఇంట్లో పట్టుకునే దూరంలోనే పట్టుకుని చూపించండి. దగ్గరి నంబరు దానికి తగ్గట్టు రాస్తారు.